పంటి ఎక్స్‌రే చూడటం ఎలా: నల్ల మచ్చలు వెతకొద్దు, గీతల వెంట వెళ్ళండి

డాక్టర్ గారు స్క్రీన్ మీద పెన్ను పెట్టి "ఇదిగో, ఇక్కడ నల్లగా ఉంది చూడండి" అంటారు. మీరు తలూపుతారు. నిజానికి ఆ బొమ్మలో సగం నలుపే. ఆయన చూపించిన నలుపుకీ పక్కనున్న నలుపుకీ తేడా ఏమిటో అంతుపట్టదు. ఇంటికొచ్చి ఫోన్‌లో మళ్ళీ తెరిచి చూస్తే ప్రతి పంటి కిందా ఏదో ఒక మచ్చ కనిపిస్తుంది, కంగారు మొదలవుతుంది.

ఆ కంగారు తగ్గించడానికే ఇది. ఇది చదివి మీ రోగం మీరే తేల్చుకోమని కాదు. డాక్టర్ ఏం చూసి ఆ మాట అన్నారో మీకూ కనబడాలి, అడగాల్సిన ప్రశ్న అడగగలగాలి. అంతవరకు ఎవరికైనా వస్తుంది.

ముందు ఇది ఏ ఎక్స్‌రేనో తెలుసుకోండి

హైదరాబాద్ క్లినిక్కుల్లో మామూలుగా ఎదురయ్యేవి నాలుగు రకాలు. నోట్లో చిన్న ఫిల్మో సెన్సరో పెట్టి రెండు మూడు పళ్ళకు, వేరు కొస దాకా తీసేది ఐఓపీఏ. అదే సెన్సర్‌తో తీసి వెంటనే కంప్యూటర్ మీద చూపిస్తే ఆర్‌వీజీ అంటారు. పళ్ళు కొరికి పట్టుకోమని తీసేది బైట్‌వింగ్. ఇందులో పై పళ్ళవీ కింది పళ్ళవీ తలలే ఎక్కువగా కనిపిస్తాయి. పంటికీ పంటికీ మధ్య దాక్కున్న పిప్పిని పట్టడంలో దీన్ని మించింది లేదు, అయినా మన దగ్గర తక్కువగానే తీస్తారు. నిలబెట్టి, గడ్డం ఆనించి, మిషన్ తల చుట్టూ తిరిగేది ఓపీజీ. రెండు దవడలూ, జ్ఞానదంతాలూ, దవడ కీళ్ళూ ఒకే బొమ్మలో వస్తాయి. ఇక సీబీసీటీ అంటే మూడు కొలతల స్కాన్. దాన్ని ముక్కలు ముక్కలుగా జరుపుతూ చూడాలి కాబట్టి ఈ వ్యాసంలో దాన్ని వదిలేస్తున్నాను.

ఎందుకు ఇది ముందు తెలియాలంటే, ఏ బొమ్మను ఏం అడగాలో దాన్ని బట్టే ఉంటుంది. ఓపీజీలో చిన్న పిప్పి కోసం వెతికితే లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. అందులో ముందు పళ్ళు మసకగా, పక్కపళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు వస్తాయి. కొలతలు కూడా అసలు కన్నా పెద్దవిగానే పడతాయి.

తిప్పి పట్టుకోకుండా చూడండి

పేరు, తేదీ చూడండి. నవ్వొద్దు, రద్దీగా ఉండే సెంటర్‌లో కవర్లు మారడం కొత్తేమీ కాదు.

తర్వాత కుడి ఎడమలు. బొమ్మలోని మనిషి మీకు ఎదురుగా నిలబడ్డట్టు లెక్క. అంటే మీ కుడివైపు పళ్ళు బొమ్మలో ఎడమ పక్కన ఉంటాయి. ఓపీజీ మీద ఆర్ లేదా ఎల్ అన్న అక్షరం ఉంటుంది, దాన్ని పట్టుకోండి. పాతకాలం చిన్న ఫిల్మ్ అయితే ఒక మూల చేతికి తగిలే చుక్క ఉంటుంది. ఆ ఉబ్బెత్తు మీవైపు ఉండేలా పట్టుకుంటే సరిపోతుంది. పై పళ్ళ వేర్లు పైకి, కింది పళ్ళ వేర్లు కిందికి ఉండాలి.

పంటి నంబర్ కూడా నేర్చుకుంటే చీటీ చదవడం తేలిక. మీ పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. మధ్య గీత నుంచి లెక్కపెడుతూ వెళ్తే రెండో అంకె వస్తుంది. 36 అంటే కింద ఎడమవైపు ఆరో పన్ను, అంటే మొదటి పెద్ద దవడ పన్ను. 48 అంటే కింద కుడివైపు జ్ఞానదంతం. పాలపళ్ళకు 5 నుంచి 8 దాకా మొదటి అంకెలు వాడతారు. పిల్లాడి చీటీలో 75 అని ఉంటే కింద ఎడమ చివరి పాలపన్ను అన్నమాట.

ఫిల్మ్‌ను ట్యూబ్‌లైట్‌కు ఎత్తి చూడకండి. లాప్‌టాప్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, గదిలో లైటు ఆర్పి, దాని ముందు పెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది, సన్నటి గీతలే మొదట మాయమవుతాయి. ఇక్కడ మనకు కావాల్సింది ఆ గీతలే. కాబట్టి క్లినిక్ వాళ్ళను డాక్యుమెంట్‌గా పంపమనండి. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి ఇంకో డాక్టర్‌కు పంపి "ఏమంటారు సార్" అని అడిగేవాళ్ళు చాలామంది. ఆ గళ్ళు గళ్ళుగా వచ్చిన బొమ్మ మీద ఏ డాక్టరూ మాట ఇవ్వలేరు.

తెలుపు, నలుపు

ఎక్స్‌రే కిరణాలను ఎక్కువగా ఆపేది తెల్లగా, వదిలేసేది నల్లగా పడుతుంది. లోహం అన్నిటికన్నా తెలుపు. తర్వాత ఎనామిల్, ఆ తర్వాత డెంటిన్, ఎముక. పంటి లోపలి గుజ్జు, అంటే మనం "నరం" అనేది, నల్లగా ఉంటుంది. చిగురు, బుగ్గ దాదాపు కనబడవు. గాలి పూర్తిగా నలుపు.

ఇక్కడే చాలామంది నలుపంటే జబ్బు అనుకుంటారు. కాదు. నలుపంటే అక్కడ కిరణాలను ఆపే గట్టి పదార్థం తక్కువ ఉందని మాత్రమే. అది పిప్పి కావచ్చు, చీము కావచ్చు, పుట్టుకతోనే ఎముకలో ఉన్న రంధ్రం కావచ్చు. ఇంకోటి: ఇది మూడు కొలతల నోటికి పడిన ఒక్క నీడ. బుగ్గ వైపున్నదీ, నాలుక వైపున్నదీ ఒకే చోట వాలిపోతాయి.

మంచి పన్ను ఎలా ఉంటుందో ముందు చూడండి

జబ్బు వెతికే ముందు మీ బొమ్మలోనే ఏ నొప్పీ లేని, ఏ పనీ చేయించని పన్ను ఒకటి ఎంచుకోండి. 36 బాగుందనుకుందాం. పైనుంచి కిందికి నెమ్మదిగా దిగండి.

పైన అన్నిటికన్నా తెల్లగా కనిపించే పొర ఎనామిల్. ఇది పంటి మెడ దగ్గరికి వచ్చేసరికి పలచబడి ఆగిపోతుంది. దాని లోపల కాస్త బూడిద రంగులో ఉన్నదంతా డెంటిన్. మధ్యలో నల్లటి గది, దాని నుంచి రెండు వేర్లలోకి దిగే సన్నటి నల్ల దారులు. అవే రూట్ కెనాల్స్. వయసు పెరిగేకొద్దీ ఈ గది చిన్నదవుతుంది. అరవై దాటిన వాళ్ళ పళ్ళలో ఒక్కోసారి దారి కనబడీ కనబడనట్టు ఉంటుంది.

ఇప్పుడు వేరు అంచుకు రండి. వేరు చుట్టూ వెంట్రుకవాసి నల్ల గీత ఒకటి వెళ్తుంది. పంటిని ఎముకకు పట్టి ఉంచే నారల చోటు అది. ఆ నల్ల గీతకు బయట, దాన్నే అంటిపెట్టుకుని, సన్నటి తెల్ల గీత. దీన్ని లామినా డ్యూరా అంటారు. పంటి గుంటకు లోపలి గోడ అన్నమాట. పంటి మెడ దగ్గర ఒక పక్క మొదలుపెట్టి, వేరు వెంట దిగి, కొస చుట్టూ తిరిగి, రెండో పక్క పైకి రండి. మౌస్ బాణాన్నో, పెన్సిల్ మొననో ఆనించి నిజంగానే అలా నడిపించి చూడండి. మంచి పంటికి ఈ రెండు గీతలూ సాధారణంగా తెగకుండా చుట్టూ వస్తాయి.

చివరగా ఎముక ఎత్తు. రెండు పళ్ళ మధ్య ఎముక శిఖరం, ఎనామిల్ ఆగిపోయిన చోటుకు సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్ల దిగువన ఉంటే బాగున్నట్టు.

ఈ ఒక్క పంటి మీద ఐదు నిమిషాలు పెట్టండి. తర్వాత నొప్పి ఉన్న పంటికి వెళ్తే తేడా దానంతటదే కళ్ళకు కడుతుంది. నేర్చుకునే పిల్లలకు నేను చెప్పేదీ ఇదే: ముందు మంచి పన్ను చూడు, చెడ్డ పన్ను ఎక్కడికీ పోదు.

పిప్పి ఎలా కనిపిస్తుంది

పళ్ళ మధ్య వచ్చే పిప్పి, రెండు పళ్ళూ తగిలే చోటుకు కాస్త చిగురు వైపున, ఎనామిల్‌లో చిన్న నల్ల త్రికోణంగా మొదలవుతుంది. దాని మొన లోపలికి చూస్తుంటుంది. డెంటిన్‌కు చేరాక అక్కడ వెడల్పుగా పాకుతుంది. ఎంత లోతుకు వెళ్ళింది, నల్లటి గదికి ఎంత దూరంలో ఆగింది అన్నదే అసలు ప్రశ్న. ఫిల్లింగ్‌తో సరిపోతుందా, రూట్ కెనాల్ దాకా వెళ్ళాలా అనే నిర్ణయంలో ఆ దూరానికి పెద్ద వాటా ఉంది.

గుర్తుంచుకోవాల్సింది, ఖనిజం 30, 40 శాతం దాకా కరిగితే గానీ ఎక్స్‌రేలో నలుపు తేలదు. అందుకే బొమ్మలో కనిపించే పిప్పి కన్నా పంటిలో ఉన్నది పెద్దది. "ఎక్స్‌రేలో కొంచెమే ఉందన్నారు, తవ్వితే ఇంత గొయ్యి చేశారు" అని డాక్టర్ మీద కోపగించుకునే ముందు ఈ మాట తలచుకోండి. అదే సమయంలో, ఎనామిల్ దాటని చిన్న త్రికోణం కనబడగానే తవ్వాల్సిన పనిలేదు. పైపొర గుంట పడకుండా ఉంటే ఫ్లోరైడ్ పెట్టి, శుభ్రంగా ఉంచుకుని, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ చూడొచ్చు. అలాంటి చోట వెంటనే ఫిల్లింగ్ అంటే ఎందుకని అడగండి.

మోసం చేసే నలుపు ఒకటుంది. పంటి మెడ దగ్గర, ఎనామిల్ ఆగిపోయి ఎముక ఇంకా మొదలవని చోట, రెండు పక్కలా మసక నలుపు పడుతుంది. ఆ కాస్త మేర కిరణాలు ఎక్కువగా దాటిపోవడమే కారణం. వరసగా చాలా పళ్ళకు ఒకే ఎత్తులో, అంచు తేలకుండా అలాంటి నీడ ఉంటే అది చాలావరకు పిప్పి కాదు. నమ్మకం కుదరకపోతే డాక్టర్ సన్నటి పరికరంతో అక్కడ తడిమి చూస్తే తేలిపోతుంది.

వేరు కొస దగ్గర

నొప్పితో వచ్చినవాళ్ళ ఎక్స్‌రేలో డాక్టర్ కన్ను మొదట వెళ్ళేది ఇక్కడికే. ఇందాక పెన్సిల్‌తో నడిచిన గీతలు ఇప్పుడు పనికొస్తాయి. నరం చచ్చి ఇన్ఫెక్షన్ వేరు కొస దాటితే, మొదట నల్ల గీత ఆ కొస దగ్గర కొంచెం వెడల్పవుతుంది. తర్వాత తెల్ల గీత అక్కడ తెగుతుంది. చివరికి కొసకు వేలాడుతూ గుండ్రటి నల్ల మచ్చ తయారవుతుంది. ఎముక చాలావరకు కరిగాకే ఆ మచ్చ కనబడుతుంది కాబట్టి, నిన్న రాత్రి మొదలైన చీము నొప్పికి ఇవాళ్టి ఎక్స్‌రే శుభ్రంగా ఉండటం మామూలే. "ఎక్స్‌రేలో ఏం లేదు, మరి నొప్పెందుకు" అన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఇక దీనికి ఎదురు సంగతి. మచ్చ ఉంటుంది, జబ్బు ఉండదు. కింది దవడలో నాలుగో, ఐదో పంటి కొసల దగ్గర ఒక గుండ్రటి నలుపు చాలామందికి కనిపిస్తుంది. పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఎముకలోంచి బయటికొచ్చే సహజమైన రంధ్రం అది, పేరు మెంటల్ ఫొరామెన్. అది సరిగ్గా పంటి కొస మీద వాలితే అచ్చం చీముగడ్డలాగే ఉంటుంది. పై ముందు పళ్ళ మధ్య కూడా ఇలాంటి రంధ్రం ఒకటుంది. పై దవడ పళ్ళ వేర్ల మీదుగా కనిపించే పెద్ద నల్ల ప్రాంతం సైనస్, అంటే గాలి గది.

తేడా ఎలా పట్టాలి? మళ్ళీ గీతలే. ఆ నలుపులోంచే తొంగి చూస్తూ తెల్ల గీత కొస చుట్టూ తెగకుండా ఉంటే, అది పంటి జబ్బు కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అప్పటికీ సందేహం ఉంటే ట్యూబును, అంటే కిరణాలు వదిలే గొట్టాన్ని, కాస్త పక్కకు జరిపి ఇంకో ఎక్స్‌రే తీస్తారు. ట్యాంక్‌బండ్ మీద బస్సులో వెళ్తూ హుస్సేన్‌సాగర్ వైపు చూశారా? దగ్గరి రెయిలింగ్ వెనక్కి పరిగెడుతుంది, నీళ్ళ మధ్య బుద్ధుడు మాత్రం మీతోపాటే వస్తున్నట్టుంటాడు. ఇక్కడా అంతే. ట్యూబుకు దగ్గరగా, బుగ్గ వైపు ఉన్నవి ట్యూబు జరిగిన దిక్కుకు ఎదురు జరుగుతాయి. నాలుక వైపున్నవి ట్యూబు వెంటే వస్తాయి. మెంటల్ ఫొరామెన్ బుగ్గ వైపుది కాబట్టి రెండో బొమ్మలో కొసను వదిలి పక్కకు తప్పుకుంటుంది. నిజమైన చీముగడ్డ అయితే ఎటు తిప్పినా కొసను పట్టుకునే ఉంటుంది. దీంతోపాటు పంటి మీద చల్లటిది పెట్టి నరం బతికుందో లేదో చూస్తారు. రెండు నలుపులు చూసి రెండు రూట్ కెనాల్స్ అన్నప్పుడు "చల్లటిది పెట్టి చూశారా డాక్టర్ గారూ" అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు.

చిగుళ్ళ సంగతి

ఎముక శిఖరాల ఎత్తు పంటి నుంచి పంటికి చూసుకుంటూ వెళ్ళండి. అన్నిచోట్లా సమానంగా దిగిపోయి ఉంటే ఒక తీరు, ఒక పంటి పక్కన మాత్రమే లోతుగా వాలుగా కోసుకుపోయి ఉంటే ఇంకో తీరు. వేరు పొడవులో సగం దాకా ఎముక లేకపోతే ఆ పన్ను ఎంతకాలం నిలుస్తుందన్నది గట్టిగా మాట్లాడుకోవాల్సిన విషయం. వేర్లు రెండుగా చీలే చోట నలుపు ఉంటే అక్కడా ఎముక పోయినట్టే. పంటి పక్కన ముల్లులా పొడుచుకొచ్చిన తెల్లటి గడ్డలు కనిపిస్తే అది గార. షుగర్ ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు ఈ భాగం దాటేయకుండా చూడాలి. ఎముక తరుగుదల ఎక్కువ భాగం నొప్పి లేకుండానే జరిగిపోతుంది.

చేయించిన పనులు

వెండి ఫిల్లింగ్, లోహపు క్యాపు, జిర్కోనియా క్యాపు, ఇంప్లాంట్ అన్నీ పాలలాంటి తెలుపు. వాటి కింద ఏముందో ఎక్స్‌రే చూపించలేదు. అంచు దగ్గర నలుపు ఉందేమో మాత్రమే చూడగలం. పంటి రంగు ఫిల్లింగ్‌లలో పాత రకాలు కొన్ని నల్లగానే పడతాయి. అందుకే ఏ పంటికి ఎప్పుడు ఏం చేయించారో ముందే చెప్పండి.

రూట్ కెనాల్ అయిన పంటిలో నల్ల దారి బదులు, అందులో నింపిన పదార్థం తెల్ల గీతలా కనబడాలి. అది మధ్యలో ఖాళీలు లేకుండా, బొమ్మలో కనిపించే వేరు కొసకు 2 మిల్లీమీటర్ల లోపు ఆగాలి. కొసకు బాగా ముందే ఆగినా, కొస దాటి బయటికి పొడుచుకొచ్చినా అడగాల్సిందే. అయితే నెల తిరక్కుండానే కొస దగ్గర నలుపు పోలేదని బెంగ పడొద్దు. ఎముక పూడటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు కూడా. ఏడాది తర్వాతి బొమ్మలో మచ్చ చిన్నదైతే మంచి గుర్తు.

ఓపీజీలో ఏం చూడాలి

ఓపీజీకి వెళ్ళేముందు కమ్మలు, జూకాలు, ముక్కుపుడక, నల్లపూసలు తీసి పర్సులో వేసుకోండి. తీయకపోతే కమ్మ తన చోట ఒకసారి, అవతలి పక్క కాస్త పైన మసగ్గా, పెద్దగా ఇంకోసారి పడుతుంది. ఆ దెయ్యపు నీడను చూసి దవడలో ఏదో ఉందని భయపడ్డవాళ్ళున్నారు.

జ్ఞానదంతం ఎటు వాలిందో ఎవరికైనా తెలుస్తుంది. తెలియాల్సింది దాని వేర్లకీ కింద వెళ్ళే నరం కాలువకీ ఉన్న సంబంధం. కాలువ రెండు సన్నటి తెల్ల గీతల మధ్య దారిలా ఉంటుంది. వేరు దాటుతున్న చోట ఆ తెల్ల గీత మాయమైతే, లేదా వేరు అక్కడ నల్లబడితే, లేదా కాలువ వంక తిరిగితే, తీయించే ముందు సీబీసీటీ అవసరమా అని డాక్టర్‌ను అడగండి.

ఆరేడేళ్ళ పిల్లల ఓపీజీ చూస్తే పెద్దలకు గుండె ఆగినంత పనవుతుంది. దవడ నిండా పళ్ళు, పాలపళ్ళ కింద నల్లటి గుండ్రాల్లో ఇంకో వరస, వేర్లు అరిగిపోయి. అదంతా మామూలే. పాలపంటి వేరు కరగడం, కింద పెద్ద పన్ను తన సంచిలో ఎదగడం సహజం. కొత్తగా వచ్చిన పెద్దపంటి వేరు కొస నోరు తెరుచుకునే ఉంటుంది. అది మూసుకోవడానికి పన్ను వచ్చాక ఇంకో మూడేళ్ళు పడుతుంది.

ఎక్స్‌రే చెప్పనివి

పంటి పగులు చాలాసార్లు కనబడదు. గుట్కా నమిలి నమిలి నోరు తెరుచుకోని వాళ్ళకు సెన్సర్ లోపల పట్టక ఓపీజీ తీస్తారు, కానీ బుగ్గ లోపల గట్టిపడిన పొర అందులో పడదు. మానని పుండు, తెల్ల మచ్చ కూడా ఎముక దాకా వెళ్తే తప్ప పడవు. "ఓపీజీ నార్మల్" అన్న కాగితం చూసి అలాంటి పుండును వదిలేయకండి. రెండు వారాలు దాటితే చూపించుకోవాలి. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ చూపించుకోవచ్చు.

రేడియేషన్ భయం గురించి ఒక్క మాట. 1896లో ఒట్టో వాల్‌కాఫ్ అనే జర్మన్ దంతవైద్యుడు తన పళ్ళ ఎక్స్‌రే కోసం 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడు. ఇప్పుడు సెకనులో చిన్న భాగం చాలు. డిజిటల్ చిన్న ఎక్స్‌రే డోసు మామూలుగా 10 మైక్రోసీవర్ట్‌ల లోపే. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి వచ్చేది సుమారు 2,400 మైక్రోసీవర్ట్‌లు. అయినా ఊరికే తీయించుకోవాల్సిన పనిలేదు. గర్భం ఉంటే తప్పక చెప్పండి, అవసరమైనది మాత్రం ఆపరు.

దాచుకోండి

ఒక్క బొమ్మ కన్నా రెండేళ్ళ తేడాతో తీసిన రెండు బొమ్మలు ఎక్కువ చెబుతాయి. ఎముక దిగుతోందా, త్రికోణం పెరిగిందా అన్నది పోల్చితేనే తెలుస్తుంది. ఫైల్ పేరులో పంటి నంబరు, తేదీ రాసి పెట్టుకోండి. కొత్త క్లినిక్‌కు వెళ్తే పాతది ముందు చూపించండి, మళ్ళీ తీసే అవసరం తప్పవచ్చు. స్కానింగ్ సెంటర్ వాళ్ళు మెసేజ్‌లో పంపే లింకు కొన్నాళ్ళకు పనిచేయకపోవచ్చు, అందిన రోజే డౌన్‌లోడ్ చేసుకోండి.